అలమేలు మేడమ్ మోకాళ్ళు

మా ల్యాబ్‌లో పొద్దున్నే మొదట వినిపించేది సోనికేటర్ మోత. నీళ్ళు నింపిన చిన్న స్టీలు తొట్టి అది. అందులోకి ద్రావకం సీసా దించి మీట నొక్కితే, కంటికి కనిపించని వణుకుతో ద్రావకంలో దాగిన గాలినంతా బుడగలుగా పైకి తోలేస్తుంది. ఆ మోత తేనెపట్టును ఎవరో కదిపినట్టుంటుంది, పళ్ళ చిగుళ్ళ దాకా పాకుతుంది. కొత్తగా చేరినవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుంటారు. నాకు మాత్రం అది వినగానే నోట్లో కాఫీ రుచి వస్తుంది. అలమేలు మేడమ్ ఉన్న రోజుల్లో ఆ పావుగంటా మా కాఫీ వేళ. మోతను మించి మాట్లాడాలి కాబట్టి ఆమె అరిచేది. అరవకూడని సంగతులన్నీ సరిగ్గా అప్పుడే గుర్తొచ్చేవి ఆమెకు. పీలమేడులోని మా మూడో అంతస్తు కిటికీలోంచి ఆమె తోటికోడలి గుట్టు ఎన్నిసార్లు కింద బస్టాపు దాకా వెళ్ళిందో చెప్పలేను. మొన్న సోమవారం ఆ తొట్టి ఉన్నట్టుండి పాడై ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో నా గొంతు ఒక్కటే మిగిలింది, "మేడమ్, చక్కెర తక్కువైందా?" అని పాత అలవాటున అరుస్తూ. కొత్తమ్మాయిలిద్దరూ ఉలిక్కిపడి చూశారు. మేడమ్ చనిపోయి ఏడాది దాటింది. వాళ్ళు ఆమెను చూడలేదు. వాళ్ళకు చెప్పడం మొదలుపెట్టాను, ఇంకా పూర్తి కాలేదు.

మా ఊరు కారమడై, ఇక్కడికి బస్సు దూరం, చుట్టూ తమిళమే. నాన్న మిల్లులో దూది బేళ్ళు దింపేవాడు, అమ్మ ఒక హాస్టల్లో వంట చేసేది. నేను ఎలాగో కెమిస్ట్రీలో డిగ్రీ గట్టెక్కి, మొక్కల మందుల్లో అసలు మందెంతుందో పరీక్షించే ఈ చిన్న ల్యాబ్‌కు ఉద్యోగం కోసం వచ్చాను. టేబుల్ అవతల యాభై దాటిన ఆమె, జరీ అంచు చీర, దాని మీద తెల్ల కోటు, ముక్కుకు రెండు వైపులా పుడకలు. ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో అడిగింది. నేను సగం తమిళంలో, సగం మౌనంలో జవాబిచ్చాను. బయటికొచ్చి వరండాలో నిలబడి అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, ఈయమ్మ నన్ను ఎడుత్తుకోదు. మొకం చూస్తేదా తెలుస్తాంది. బస్సెక్కి వస్తాండా."

వెనక నుంచి వినిపించింది: "ఎందుకు ఎడుత్తుకోను? నా మొకంలో అట్ల ఏముండాది?"

ఎడుత్తుకోవడం అంటే తీసుకోవడం. మాట చివరి 'దా' ఒత్తి చెప్పడానికి, 'చూస్తేదా' అంటే చూస్తేనే. మా ప్రాంతపు తెలుగు అంతే, అరవం కలిపి నానబెట్టి రుబ్బిన పిండి. నేను గబుక్కున ఫోన్ పెట్టేశాను. ఆమె మాత్రం తాపీగా గుమ్మానికి ఆనుకుని, "ఏ ఊరు అమ్మిణీ?" అంది. కారమడై అని చెప్పాను. "మా అన్నయ్య ఊరుదా!" అని సంబరపడింది. ఆ అన్నయ్యకు అక్కడ పొలాలున్నాయి. మావాళ్ళు తరతరాలుగా అలాంటి పొలాల్లో కూలికి వెళ్ళినవాళ్ళు. మా రెండిళ్ళ తెలుగూ కొన్ని వందల ఏళ్ళ కిందట ఒకే దారిన దక్షిణానికి వచ్చిందే. ఆ తరవాత ఒకటి గట్టు మీద నుంచి మాట్లాడింది, ఇంకొకటి మడిలోంచి మాట్లాడింది. ఇద్దరం బడిలో తెలుగు చదవలేదు. మా చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఆమెకు అదీ లేదు. తెలుగు పత్రిక ఏదైనా చేతికొస్తే నాతో చదివించుకుని, "ఈళ్ళు ఎంత శుద్ధంగా రాస్తారే, సగం అర్థమే కాదు" అనేది.

ఆమెది పంపుసెట్లు తయారుచేసే కుటుంబం. "మా ఇంట్లో అందరూ పంపులు చేసినారు, నేనొక్కదాన్నేదా పంపుకు సేవ చేస్తాండా" అనేది. మా యంత్రంలో ముఖ్యమైన భాగం పంపే మరి. మొక్క నుంచి తీసిన రసాన్ని ద్రావకంతో కలిపి, జానెడు స్టీలు గొట్టంలోంచి గట్టి ఒత్తిడితో తోస్తుంది. ఆ గొట్టాన్ని కాలమ్ అంటారు, లోపల సన్నని పొడి దట్టించి ఉంటుంది. రసంలోని పదార్థాలు ఒక్కొక్కటిగా విడిపోయి, అవతలి చివర ఒక్కో సమయానికి బయటపడతాయి. ఒక్కోటి బయటికి రాగానే తెర మీద గీత పైకి లేచి కొండలా కనిపిస్తుంది. దాన్నే పీకు అంటాం. కాలేజీలో మూడేళ్ళు చదివినా నాకు బుర్రకెక్కని ఈ సంగతిని ఆమె ఒక్క కాఫీలో ఎక్కించింది.

"కారమడై తేరు చూసినావు గదా? ఒకే వీధిలో జనమంతా ఒకే తూరి దూరతారు. మా చిన్నత్త గాజుల అంగడి కాడ నిలబడతాది, పూల అంగడి కాడ నిలబడతాది, తెలిసినోళ్ళు కనపడితే ఇంగ అంతే. మా మామ దేన్నీ చూడడు, నేరుగా పోయి ఆ కొనలో టీ తాగతా ఉంటాడు. కాలమ్ అంటే ఆ వీధిదా. ఎవరు ఎంతసేపటికి బయటపడినారో చూస్తే, అది మామనో అత్తనో చెప్పొచ్చు."

"అత్త వచ్చే టైముకే వేరే ఎవరన్నా వస్తే?"

ఆమె గ్లాసు కింద పెట్టి, మొదటిసారి నన్ను పరీక్షగా చూసింది. "అందుకుదా మొకం కూడా చూసేది. మెషిను ఒక్కో పీకుకు మొకం గీసి చూపిస్తాది, కాంతిని ఎట్ల మింగతాదో. టైమూ సరిపోవాల, మొకమూ సరిపోవాల. పరవాలేదు, నీకు తల ఉండాది."

చేరిన కొన్ని నెలలకు మా పరువు తీసిన శుక్రవారాలు వచ్చాయి. పసుపు వ్యాపారులు పంపిన శాంపిళ్ళు చేస్తున్నాం. పసుపులో ముగ్గురు అక్కచెల్లెళ్ళలాంటి పదార్థాలుంటాయి, మూడు పీకులు వరసగా వస్తాయి. శాంపిల్ పెట్టే ముందు ఏమీ కలపని వట్టి ద్రావకాన్ని పెట్టి చూడడం మా నియమం. తెర మీద గీత చాపలా చదునుగా ఉండాలి. ఒక శుక్రవారం ఆ వట్టి ద్రావకంలో మూడు చిన్న గుబ్బలు లేచాయి. సీసాలన్నీ కడిగాను. సోమవారం గీత చదునుగా వచ్చింది. మళ్ళీ శుక్రవారం గుబ్బలు. మేడమ్ నీళ్ళను అనుమానించింది, వడపోత కాగితాన్ని అనుమానించింది, చివరికి నా అన్నం క్యారియర్‌ను అనుమానించింది. "పులిహోర తెస్తావు గదా, దాంట్లో పసుపు ఉంటాది. పైన మిద్దె మీద పెట్టుకో" అంది. మూడు వారాలు నా క్యారియర్ నీళ్ళ ట్యాంకు పక్కన కాకులతో కాపురం చేసింది. నేనూ దానితో పాటే మిద్దె మీద ఎండలో తిన్నాను. లోపల చాలా ఉడికింది. పులిహోర నేను మంగళవారం తెస్తాను, గుబ్బలు శుక్రవారం వస్తున్నాయి.

ఆ తరవాతి శుక్రవారం ఆమె తలంటుకుని, నిండుగా పసుపు రాసుకుని, బంగారంలా మెరుస్తూ వచ్చింది. చెమట పట్టిన చెంపను మునివేళ్ళతో తుడుచుకుంది. అదే చేత్తో వడపోత కాగితం తీసింది.  పై అధికారికి ఎలా చెప్పడం? సోనికేటర్ వేశాను, కనీసం పక్కగది వాళ్ళకు వినబడకుండా.

"మేడమ్! మీ చెంపలు!"

"ఏమి?"

"మీ చెంపలుదా మేడమ్, ఆ పీకులు!"

 ఆమె దూది తీసుకుని తన చెంప మీద ఒక్క రాపు రాసి, మిథనాల్‌లో ముంచి, "పెట్టు" అంది. పెట్టాను. ముగ్గురు అక్కచెల్లెళ్ళూ ఊరేగింపులా తెర నిండా వచ్చారు. ఆమె నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. తరవాత తప్పుల రిజిస్టరు తీసి ఇంగ్లీషులో స్పష్టంగా రాసింది: మూలకారణం, విశ్లేషకురాలి చెంప. ఆ ఏడాది తనిఖీకి వచ్చిన ఆయన ఆ వాక్యం దగ్గర ఆగి, కళ్ళజోడు తుడుచుకుని, "చెంపా?" అన్నాడు. మేడమ్ తన చెంప చూపించింది. ఆయన పేజీ తిప్పేశాడు. నాకు గుర్తుండిపోయింది మాత్రం రిజిస్టరు కాదు. ఆ మధ్యాహ్నం ఆమె మెట్లెక్కి మిద్దె మీదికి వెళ్ళి, నా క్యారియర్ తన చేత్తో కిందికి తెచ్చి, నా పక్కన కూర్చుని, అడగకుండానే అందులోంచి రెండు ముద్దలు తిన్నది. "నీ మీద వేసిన పళి నేనుదా తినాల" అంది. పళి అంటే నింద.

మిద్దె దాకా ఎక్కడం ఆమెకు చిన్న పని కాదు. మా భవనానికి లిఫ్టు లేదు. ఒక్కో అంతస్తుకు ఒక్కో మజిలీ వేసి, ప్రతి మజిలీలో ఆ భవనం కట్టించినవాడి వంశాన్ని తలుచుకుంటూ పైకొచ్చేది. ముట్టి నొప్పి, అంటే మోకాళ్ళ నొప్పి, ఆమెకు పదేళ్ళ నేస్తం. అలాంటి మనిషి ఒక ఎండాకాలంలో ఉన్నట్టుండి మారిపోయింది. ఒక ఉదయం నేను రెండో అంతస్తులో ఉండగా వెనక నుంచి గబగబా అడుగులు, పక్క నుంచి చీర గాలి. "ఏమి అమ్మిణీ, వెనకబడిపోతివే!" అని మేడమ్ నన్ను దాటేసింది. అంతా వాళ్ళ అన్నయ్య నారాయణసామి గారి మహిమ. ఆయన కారమడైలో తన పొలం కంచె మీద పెరిగే నల్లేరు తీగతో, వాళ్ళ అవ్వ చెప్పిన పద్ధతిలో ఎముకల మాత్రలు చేయిస్తున్నాడు. అట్టపెట్టె మీద పూలదండతో అవ్వ ఫోటో. పీలమేడులో ఆమె బంధువుల ఆడవాళ్ళందరూ ఆ మాత్రలే మింగి, పెళ్ళిళ్ళలో నలుగు ఆటలకు కూతుళ్ళను నెట్టుకుని ముందుకొస్తున్నారట. మేడమ్ మా అమ్మకూ ఒక పెట్టె ఇచ్చింది. హాస్టల్ పొయ్యి ముందు రోజంతా నిలబడే అమ్మ, "ఆయమ్మ కాళ్ళకు దండం పెట్టాల, నా కాళ్ళు నాకే తెలీకుండా నడుస్తాండాయి" అంది. కడుపులో మంట మాత్రం ఎక్కువైందని, అది నేను పెళ్ళి సంబంధాలు కాదనడం వల్లేనని తేల్చింది.

చెన్నైలో ఒక పెద్ద దుకాణం ఆ మాత్రలు అమ్మడానికి ఒప్పుకుని, ల్యాబ్ రిపోర్టు అడిగింది. నారాయణసామి గారు మైసూర్‌పాకు పెట్టెతో, మాత్రల డబ్బాతో స్వయంగా వచ్చాడు. తెల్ల పంచె, తెల్ల మీసం, మెట్లెక్కినా ఆయాసం లేదు. "మన ఇంటి మెషిను ఉండగా వెలియ ఎందుకు పోయేది?" అన్నాడు చెల్లెలితో. వెలియ అంటే బయటికి. ఆమె గర్వంగా నా వైపు తిరిగి, "పెట్టు అమ్మిణీ. మా నల్లేరు ఎంత లక్షణంగా ఉంటాదో చూద్దాం" అంది.

పెట్టాను. నల్లేరులో ఉండవలసిన చిన్న చిన్న పీకులు అక్కడక్కడా, సిగ్గుపడుతున్నట్టు కనిపించాయి. అవి ముగిశాయి అనుకున్నాక, జనం వెళ్ళిపోయిన వీధిలోకి ఏనుగు వచ్చినట్టు ఒక పీకు లేచింది, తెర అంచు దాకా. ముందు మమ్మల్నే అనుమానించాను. వట్టి ద్రావకం పెట్టాను, చదునుగా ఉంది. గాజుసామానంతా మళ్ళీ కడిగి చేశాను, ఏనుగు మళ్ళీ వచ్చింది. అమ్మకు ఫోన్ చేసి నారాయణసామి గారి కంచె మీది నల్లేరు ఒక ముక్క తెమ్మన్నాను. కూరగాయల సంచిలో అది బస్సెక్కి వచ్చింది. దాన్ని ఎండబెట్టి, పొడిచేసి, రసం తీసి పెట్టాను. అందులో ఏనుగు లేదు. ఇక మొకం చూశాను. యంత్రం చూపించిన మొకం డైక్లోఫెనాక్‌ది. మందుల అంగడిలో నొప్పులకు ఇచ్చే మాత్ర. మా అలమరలో ఉన్న అసలైన డైక్లోఫెనాక్ తెచ్చి పక్కన పెట్టి చూస్తే టైమూ అదే. దాన్నే కొంచెం మాత్రల రసంలో కలిపాను. వేరే పదార్థమైతే పక్కన రెండో కొండ విడిగా కనబడాలి. విడిపోలేదు, ఉన్న కొండే ఇంకా ఎత్తు పెరిగింది.

మర్నాడు పొద్దున కాగితాలు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాను. కింది నుంచి ఆమె ఎక్కి వస్తోంది, ఎక్కడా ఆగకుండా, ఏదో పాట గొణుగుతూ. ఆ చురుకైన అడుగులు వింటూ కాగితాలు వెనక్కి దాచి, మళ్ళీ ముందుకు తెచ్చాను. ఆమె కాగితాలు తీసుకుని నిలబడే చదివింది.

"మన తప్పేమన్నా ఉండాదా? చూసినావా?"

"అన్నీ చూసినాను మేడమ్."

"నీ మీద నమ్మకం లేక కాదు. నేనొక తూరి పెడతా."

డబ్బా విప్పడం నుంచి తెర చూడడం దాకా ఆ రోజంతా ఒక్క పనీ నన్ను ముట్టనివ్వలేదు. సాయంత్రానికి ఏనుగు ఆమెకూ దర్శనమిచ్చింది. కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ రెండు మోకాళ్ళ మీద పెట్టుకుని, వాటినే అడిగింది: "అందుకేనా మీరు అట్ల పరిగెత్తినారు?" నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అప్పుడే అమ్మ కడుపు మంట సంగతి చెప్పాను. ఆమె చటుక్కున లేచింది. "ఫోన్ చెయ్యి. ఇప్పుడే ఆపమని చెప్పు. రేపు డాక్టరు కాడికి నేను తీసుకుపోతా." తన రక్తపోటు ఎందుకు పెరుగుతోందో అర్థంకాక డాక్టరు రెండుసార్లు మందు మార్చిన సంగతి కూడా అప్పుడే ఆమెకు గుర్తొచ్చింది. వాళ్ళ పెద్దత్తకు మూత్రపిండాల జబ్బు. ఆవిడా రోజుకు రెండు మింగుతోంది.

"మరి మీ అన్నయ్య..." అన్నాను.

"అన్నయ్య నాకు అన్నయ్యదా. ఈ పీకు ఎవరికి అన్నయ్య?"

ఆదివారం ఇద్దరం బస్సులో కారమడై వెళ్ళాం. మా ఇంటికి కూతవేటు దూరంలో ఉన్నా, ఆ ఇంటి లోపలికి నేను ఎప్పుడూ అడుగుపెట్టలేదు. నడవాలో కుర్చీలు వేశారు. నారాయణసామి గారి భార్య మేడమ్‌కు స్టీలు గ్లాసులో, నాకు కాగితం కప్పులో కాఫీ తెచ్చింది. మేడమ్ తన గ్లాసు నా చేతిలో పెట్టి, నా కప్పు తను తీసుకుని, "దీంట్లో తాగితేదా నాకు వేడి తెలుస్తాది వదినా" అని ఊదుకుంటూ తాగింది. ఆ గ్లాసు బరువు నా చేతికి ఇప్పటికీ తెలుసు. తరవాత రిపోర్టు తీసి అన్నయ్య ముందు పెట్టింది.

ఆయన చాలాసేపు చూశాడు. "ఇదేమి, కొండ మాదిరి?"

"ఇంగ్లీషు మందు. నొప్పి మాత్ర. నీ నల్లేరులో ఉండాది."

"మా మట్టి గుణమేమో!"

"మట్టిలో మాత్ర మొలవదు అన్నయ్యా."

ఆయనకు కోపం వచ్చింది. యంత్రం చెడిందన్నాడు, నేను చిన్నదాన్ని కాబట్టి పొరపాటు చేసి ఉంటానన్నాడు. చివరికి, "నువ్వు నాతో తోడబుట్టినదానివేనా?" అన్నాడు.

"తోడబుట్టినదాన్ని గనకదా ముందు నీతో చెప్తాండా. రేపు పొద్దున నువ్వే పోయి మందుల ఆఫీసర్లకు చెప్పు. నువ్వు పోకపోతే నేను పోతా."

 కాసేపటికి ఆయన లేచి మమ్మల్ని వెనక షెడ్డుకు తీసుకెళ్ళాడు. అక్కడ ఒక నీలం డ్రమ్ము. వానలు లేక తీగ చాలని ఏడాది, ఎవరో వ్యాపారి దగ్గర నల్లేరు సారం అని పొడి కొన్నాడట. అది కలిపినప్పటి నుంచే మాత్రలు అద్భుతంగా పనిచేశాయి. "అవ్వ ఆశీర్వాదం అనుకుంటిని, అలమేలూ. సత్యంగా" అన్నాడు. ఆయన గొంతు చిన్నపిల్లాడిలా అయిపోయింది. పెట్టెల మీద వరసగా అవ్వ నవ్వుతోంది. అబద్ధం ఆడుతున్నాడని నాకు అనిపించలేదు. ఆయన కూడా రోజుకు రెండు మింగుతున్నాడు మరి. ఆ సాయంత్రమే డ్రమ్ములోంచి గుప్పెడు పొడి తెచ్చి పరీక్ష చేస్తే నల్లేరు పేరుకే ఉంది, మిగతాదంతా ఏనుగే. ఆ వ్యాపారి ఫోను అప్పటికే పలకడం మానేసింది. మర్నాడు అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి ఆఫీసుకు వెళ్ళారు. ఆఫీసర్లు వచ్చి డ్రమ్ముకు సీలు వేశారు. వ్యాపారి చివరికి దొరికాడో లేదో మాకు తెలియదు.

అసలు కష్టం ఆ తరవాత మొదలైంది. ఇళ్ళల్లో ఉన్న మాత్రలు వెనక్కి తీసుకోవాలి. నా స్కూటర్ వెనక మేడమ్, ఆమె ఒడిలో గోనెసంచి, ఇల్లిల్లూ తిరిగాం. ఎవరూ ఒక పట్టాన ఇవ్వలేదు. కుప్పమ్మత్త అనే పెద్దావిడ బియ్యం డబ్బాలో దాచి, లేవని ఒట్టు పెట్టుకుంది. మేడమ్ మోచేతి దాకా బియ్యంలో చెయ్యిపెట్టి పెట్టె బయటికి లాగింది.

"దాంట్లో ఏముంటే నాకేమి? కాలు లేస్తాంది గదా!" అంది కుప్పమ్మత్త.

"లేస్తాది అత్తా. దాని పేరు ఇది. కావాలంటే డాక్టరు కాడికి పోయి పేరు చెప్పి అడుగు. నీ వయసు చూసి, నీ కిడ్నీ చూసి, ఇయ్యొచ్చునో లేదో ఆయన చెప్తాడు. పేరు దాచి ఎవరిచ్చినా మింగొద్దు, నేనిచ్చినా సరే."

చివరిగా మా ఇల్లు. అమ్మకు డాక్టరు కడుపులో పుండు మొదలైందని చెప్పి మందు రాశాడు. మాత్రలు మానేసింది, పెట్టె మాత్రం క్యాలెండరు వెనక అవసరానికి ఉంటుందని దాచింది. మేడమ్ మా చిన్న గదిలో, ఎంత చెప్పినా కుర్చీ తెప్పించుకోకుండా, చాప మీద అమ్మ ఎదురుగా కూర్చుంది. "నేను చూడకుండా ఇచ్చినాను. నా వేలై, నా పని, చూసేదిదా. నీకు చూడకుండా ఇచ్చేస్తిని. తప్పు నాది" అంది. అమ్మకు ఏం చెయ్యాలో తోచలేదు. గట్టు మీది మనుషులు చాప మీద కూర్చుని తప్పు ఒప్పుకోవడం ఆమె చూసి ఎరగదు. "అయ్యో, విడవండి అమ్మా, మంచికిదా ఇచ్చినారు" అంటూ కళ్ళు తుడుచుకుంది. అంతా చక్కగా ముగిసింది. మేడమ్ లేవబోయింది. లేవలేకపోయింది. మాత్రలు మానేసి పది రోజులైంది, మోకాళ్ళు పాత లెక్కకు వచ్చేశాయి. నేనొక చెయ్యి, నాన్నొక చెయ్యి పట్టి లాగాం. సగం లేచి మళ్ళీ కూలబడింది. అమ్మ ఆదుర్దాగా పెట్టె విప్పి, "ఒక మాత్ర ఇయ్యమంటారా అమ్మా?" అంది. చాప మీద కూర్చునే మేడమ్ ఎంత నవ్విందంటే, మేము పట్టుకున్న చేతులు కూడా ఊగిపోయాయి.

అన్నయ్య ఆర్నెల్లు ఆమెతో మాట్లాడలేదు. ఒక రోజు మెట్లన్నీ ఎక్కి, మధ్యలో మూడుచోట్ల కూర్చుని, రొప్పుతూ వచ్చాడు. చేతిలో గిన్నె. వాళ్ళావిడ చేసిన నల్లేరు పచ్చడి, కంచె మీది తీగతో. "దీన్ని కూడా పెట్టి చూడు మెషిన్లో" అన్నాడు, ముఖం పక్కకు తిప్పుకుని. మేడమ్ మూత తీసి వాసన చూసి, "ఇది పెట్టాల్సింది ఇడ్లీలో" అంది. ఆ పూట మేము ముగ్గురం శాంపిల్ టేబుల్ దూరంగా జరుపుకుని, ఇడ్లీలు తెప్పించుకుని ఆ పచ్చడితో తిన్నాం. నల్లేరు నాలుక మీద సన్నగా దురద పెడుతుంది. ముగ్గురం ఇంకో ఇడ్లీ వేసుకున్నాం.

రెండేళ్ళకు మెట్లు ఆమెను ఓడించాయి. ఉద్యోగం మానేసింది. చివరి రోజు రిపోర్టుల మీద సంతకం చేసే అధికారం నాకు అప్పగించింది. నేను ఆ వారమంతా రహస్యంగా అభ్యాసం చేసిన నా కొత్త సంతకాన్ని మొదటి కాగితం మీద గిర్రున తిప్పాను. సినిమా వాళ్ళలా ఒక సుడి, కింద రెండు గీతలు, ఒక చుక్క. ఆమె కాగితం కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇదేమి? పాము పోయినట్టుండాది."

"సంతకం మేడమ్."

"ఎవరిది?"

"నాదిదా."

"ఎట్ల తెలిసేది? పేరు రాయి. అంతా రాయి, చదివేట్టు రాయి. రేపు తప్పయితే ఎవరిని తిట్టాలో జనానికి తెలియాల గదా!"

నా పేరు ఎస్తేరు సుగుణకుమారి. పూర్తిగా రాస్తే కాగితం సగం పడుతుంది. బ్యాంకులో చూసి నవ్వుతారు, మూడో తరగతి పిల్ల రాసినట్టుందని. అయినా ఇప్పటికీ ప్రతి రిపోర్టు కిందా అలాగే, ఒక్కో అక్షరం విడివిడిగా రాస్తాను. చాలాసేపు పడుతుంది. ఎప్పుడైనా సుగుణ దాకా వచ్చి చెయ్యి ఆగిపోతుంది. చూడకుండా వదిలేసింది ఏమన్నా ఉందేమో అనిపిస్తుంది. అప్పుడు పెన్ను మూత పెట్టేసి, ఆ శాంపిల్‌ను మళ్ళీ మొదటి నుంచి చేస్తాను.